దవ్వార్ దగ్గర పోసిన చెంబెడు నీళ్లు

దుబాయ్‌లో సైకిళ్ల పందెం జరుగుతుందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధికి గ్యాస్ బండలు వేసే సత్తిబాబు. బండ దించి, మెడ తుడుచుకుని, "అమ్మగారూ, మీ నాన్నగారు ఉండుంటే ఆయనకి చూపించేవోణ్ణి" అని ఫోను నా ముందు పెట్టాడు. ఎడారి మధ్య నల్లటి రోడ్డు మీద వందమంది దాకా సైకిళ్ల మీద వంగి దూసుకుపోతున్నారు. పక్కన ఒంటెలు తమ దారిన తాము నడుస్తున్నాయి. సత్తిబాబు అన్నకొడుకు అక్కడ బస్సు తోలుతాడు, అతను తీసి పంపాడు. సత్తిబాబు చేసిన మేలు నేను మరిచిపోను. ఆ తర్వాత జరిగినదాంట్లో అతని తప్పేమీ లేదు. తప్పు నాది. అక్కడికి వెళ్లనివాళ్లకి విశేషాలు చెబుదామని మొదలుపెట్టిన ఈ రాతలో విశేషాలకంటే అదే ఎక్కువ కనిపిస్తే మన్నించండి.

మా నాన్నది రామచంద్రపురంలో సైకిల్ షాపు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడికి పంపితే మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు మోసుకొచ్చేవారు. చివరికి నాన్న "పోనీలే, షాపులో కూర్చో" అన్నారు. ముందు చక్రానికి ముప్పై రెండు స్పోకులు, వెనక చక్రానికి నలభై. నా ఎక్కాలు అక్కడ మొదలయ్యాయి. భూగోళం మటుకు చిత్తు కాగితాల్లో దొరికిన ఒక పాత ఇంగ్లీషు పత్రికలోంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తలో ఐరోపాలో జరిగిన పెద్ద సైకిల్ పందెం గురించిన పత్రిక అది. రోజుకో ఊరు చొప్పున మూడు వారాలు, కొండలు ఎక్కి దిగి, బాంబులకి కూలిన గోడల పక్కనుంచి పోయే దారి. ఆ ఊళ్లన్నీ నాన్న నాచేత పటంలో వెతికించారు.

అందులో ఒక బొమ్మ నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది. మొహం నిండా బురద, భుజాల మీద అడ్డంగా వేసుకున్న టైరు, ఒక పందెగాడు పంపు కింద దోసిలి పట్టి నీళ్లు తాగుతున్నాడు. పంపు కొడుతున్నది నల్ల గౌను వేసుకున్న ఒక ముసలమ్మ. "చూశావా అమ్మడూ, ఈవిడా పందెంలో ఉన్నట్టేనే" అనేవారు నాన్న. ఆ ఆటలో పద్ధతులు కూడా చెప్పేవారు. ముందున్నవాడు గాలిని కోస్తే వెనకవాళ్లకి ఊపిరి దొరుకుతుంది. కాసేపటికి వాడు వెనక్కొచ్చి ఇంకొకడు ముందుకెళ్తాడు. జట్టులో పెద్దవాడి చక్రం పాడైతే చిన్నవాడు దిగి తన చక్రం ఊడదీసి ఇచ్చేస్తాడు, తాను రోడ్డు పక్కన ఉండిపోతాడు.

"ఉండిపోయినవాడి సంగతేంటి నాన్నా?"

"వాడి పేరు ఎవరు రాస్తారే" అనేవారు, చేతిలో పనాపకుండా.

నాన్న పోయిన రెండేళ్లకి, కరోనా భయం తగ్గాక, దుబాయ్‌లో ఉండే తమ్ముడు శ్రీధర్ టికెట్ పంపాడు. పెట్టెలో నాన్న పత్రికలోంచి ఆ ముసలమ్మ బొమ్మ, పూజ చెంబు, ఒక చిన్న సీసాలో గోదావరి నీళ్లు, పసుపు పెట్టుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

బర్ దుబాయ్: పదకొండో అంతస్తు

తమ్ముడి ఇల్లు పదకొండో అంతస్తు. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద మనుషులు బియ్యంలో రాళ్లంత కనిపిస్తారు. మరదలు లలితది చురుకైన నోరు. నేను దేవుడికి దీపం పెట్టి చుట్టూ చూస్తుంటే, "వదినా, ఇక్కడ అగరొత్తి వెలిగిస్తే పైన పొగ పసిగట్టే యంత్రం అరుస్తుంది, దేవుడికంటే ముందు ఫైరింజనొస్తుంది" అంది. సంతలో కరివేపాకు చిన్న కట్ట రెండు దిర్హాలు. అంటే మన డబ్బుల్లో నలభై దాటింది. మా పెరట్లో కోసి వీధిలో పంచేది గుర్తొచ్చి, ఇంతకాలం దాని విలువ తెలియకుండా తిన్నందుకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

తమ్ముడు సామాన్లు ఓడలకెక్కించే కంపెనీలో మేనేజరు. మాటల్లో తెలుగు సగం, మిగతాది అన్నీ కలిసినది. ఫోనులో "ఖలాస్, ఖలాస్" అంటుంటే ఎవరితోనో గొడవ అనుకున్నాను. పని అయిపోయిందని అర్థమట.

"అక్కా, పందెం ఏడు రోజులు. అన్ని చోట్లకీ తిరగలేం. అల్ ఐన్‌లో కొండెక్కే రోజు చూద్దాం, అదే అసలు రోజు" అన్నాడు.

"రోడ్డు పక్కన నిలబడొచ్చా?"

"నిలబడు. రోడ్డు మీదకి మాత్రం వెళ్లకు. ఇక్కడ రూల్సంటే రూల్సే."

సరేనన్నాను. అన్న మాట నాకు బాగా గుర్తుంది.

అల్ ఐన్: నీటి వంతు

ముందురోజే అల్ ఐన్ చేరాం. రెండు గంటలు ఇసక చూసి చూసి, ఊళ్లోకి రాగానే పచ్చదనం కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఊరి నడుమ ఖర్జూరపు తోట. లోపల చల్లటి నీడ, మట్టిగోడలు, గోడ పక్కన జానెడు వెడల్పున పారే కాలువ. కొండల కిందనుంచి తవ్వి తెచ్చిన నీళ్లట. ఆ కాలువలో పని చేస్తున్న ముసలాయన, ఏ దేశమో అడగలేదు, ఒక మడికి కట్టిన మట్టి గట్టు పారతో తెంపి, ఇంకో మడికి కట్టాడు. ఒక్కో తోటకి ఇంత సేపు అని వంతు, పూర్వం నీడ కొలిచి వంతు మార్చేవారని తమ్ముడు చెప్పాడు.

మా డెల్టాలోనూ వంతులున్నాయి. కానీ మాకు కాలువ నిండా నీళ్లున్నప్పుడు కూడా వంతు కోసం తగువులే. ఇక్కడ జానెడు కాలువలో ఎవరి గొంతూ లేవలేదు. ఆ ముసలాయన ఒక చుక్క కూడా గట్టు దాటకుండా చేత్తో అదిమి అదిమి కడుతున్నాడు. అంత జాగ్రత్తగా నీళ్లని చూసేవాళ్ల దేశంలో, మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఆ చెయ్యే ముందు గుర్తొస్తుంది.

సాయంత్రం రోడ్డు పక్క కొట్లో చిక్కటి టీ తాగాం. గ్లాసు ఒకటింపావు దిర్హం. చక్కెర ఎక్కువ, యాలకులు ఎక్కువ. లలిత తన గ్లాసు కూడా నాకే ఇచ్చేసింది.

దవ్వార్

నాలుగు దారులు కలిసే గుండ్రటి కూడలిని అక్కడ దవ్వార్ అంటారు. పందెం ఊరు చుట్టూ తిరిగి ఒక దవ్వార్ మీదుగా కొండ దారి పట్టాలి. మేం అక్కడ చేరాం. ఇనప కంచెలు కూడలికి అవతల వైపు మాత్రమే ఉన్నాయి. మావైపు ఎర్ర రిబ్బను కట్టి, పది అడుగులకొక మనిషిని నిలబెట్టారు. మా ముందున్న మనిషి చేతిలో చీపురు, పక్కన తాగడానికి పెద్ద నీళ్ల డబ్బా. ఆ మలుపులో ఇసక పేరుకోకుండా ఊడవడం, రోడ్డు పొడిగా ఉంచడం ఆయన పని. నేను తమ్ముడితో అన్న తెలుగు విని తల తిప్పాడు.

"ఆంధ్రనా అమ్మా?"

"రామచంద్రపురం నాయనా. మీదెక్కడ?"

"జగిత్యాల అవుతల. లింగన్న నా పేరు." నవ్వాడు. "గింత దూరమొచ్చి సైకిల్లు జూస్తరా? మా ఊర్ల సైకిల్ తొక్కెటోనికి పిల్లనియ్యరు."

పందెం రావడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో ఆయన ఊడుస్తూనే తన సంగతి చెప్పాడు. వచ్చే గురువారం చుట్టీ, అంటే సెలవు, మంజూరైంది. టికెట్ తేదీ కూడా పడింది. భార్యకి అయిదో నెల ఉన్నప్పుడు విమానమెక్కాడు, కూతురికి ఇప్పుడు రెండున్నరేళ్లు. "ఫోన్ల జూస్తది, బాపూ అంటది. ఎత్తుకుంటె అంటదో అనదో, గది జూడాలె" అన్నాడు.

నేను నాన్న సంగతి, పత్రికలో ముసలమ్మ సంగతి చెప్పాను. ఆ ముసలమ్మ చేసినట్టే నేనూ ఏదో ఒకటి చెయ్యాలనుకుని వచ్చానని, ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పాను. మా వైపు అమ్మవారి ఊరేగింపు ముందు, దీక్షలో నడిచేవాళ్ల ముందు, పసుపు నీళ్లలో వేపాకు వేసి వాకిట్లో వారు పోస్తాం. దారి చల్లబడాలని, నడిచేవాళ్ల కాళ్లకి హాయిగా ఉండాలని. ఇంత దూరం ఒళ్లు హూనం చేసుకుని వచ్చేవాళ్లూ నా కళ్లకి దీక్షలో ఉన్నట్టే కనిపించారు.

"మా తాన సాక పోసుడంటరు" అన్నాడు లింగన్న. చీపురు నేలకి ఆనించి, "మా అమ్మ పోసేది" అన్నాడు.

నా చెంబులో గోదావరి నీళ్లు, పసుపు కలిపాను. అడుగున నాలుగు వేళ్ల లోతు కూడా లేవు. లింగన్న అటూ ఇటూ చూసి, డబ్బాలోంచి చెంబు నిండా నీళ్లు పోశాడు. రోడ్డు పక్కన వరసగా పెంచిన వేపచెట్లలో ఒకదాని కొమ్మ వంచి రెమ్మ తుంచి ఇచ్చాడు. "సూపర్‌వైజర్ అటు మర్రినప్పుడు జల్ది పొయ్యమ్మా. జెరంత, అంచుకే."

అంచుకే అని ఆయన చెప్పాడు. ఇది నేను ఎక్కడా దాచకుండా రాయాలి.

పోలీసు మోటారు సైకిళ్లు వెళ్లాయి. పైన హెలికాప్టర్ చప్పుడుకి అందరి తలలూ పైకి లేచాయి. తమ్ముడు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. నేను రిబ్బను కిందనుంచి వంగి, రెండడుగులు వేసి, చెంబు మొత్తం దారికి అడ్డంగా పోశాను. అంచుకి పోస్తే వారు పోసినట్టు కాదనిపించింది. కళ్లు మూసుకుని నాన్న పేరు కూడా తలుచుకున్నాను. వెనక్కి వచ్చి నిలబడ్డాను. మనసు నిండిపోయింది.

నెలల తరబడి వాన ఎరగని రోడ్డు అది. దుమ్మూ, బండ్ల నూనే పట్టి ఉంటుంది. సైకిల్ షాపు వాడి కూతురికి అది తెలియాలి. తొలకరి రోజు షాపులోకి మోకాళ్లు చీరుకుని వచ్చేవాళ్లకి కట్లు కట్టింది నేనే.

ముందు నలుగురు వచ్చారు. చక్రాలు కోసే గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మొదటివాడు దాటాడు, రెండోవాడు దాటాడు. మూడోవాడు, నీలం చొక్కా, సన్నటి కుర్రాడు, మలుపుకి ఒరిగాడు. ముందు చక్రం కిందనుంచి ఎవరో లాగేసినట్టు పోయింది. రోడ్డు మీద ఒక పక్కగా జారుకుంటూ వెళ్లి అవతలి కంచెకి తగిలాడు. వెనకవాడు తప్పించుకుని పోయాడు. వెనకే వచ్చిన జట్టు కారులోంచి దిగిన మనిషి కొత్త సైకిల్ దించాడు. కుర్రాడు లేచాడు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చర్మం లేదు. తొడ మీద బట్ట చిరిగి ఎర్రగా కనిపిస్తోంది, ఆ ఎరుపు మీద ఒక వేపాకు అంటుకుని ఉంది. ఎక్కి వెళ్లిపోయాడు.

పెద్ద గుంపు వచ్చేలోపు నలుగురు మనుషులు పరిగెత్తుకొచ్చి గోనెలతో తడి అద్దారు. సూపర్‌వైజర్ వచ్చాడు. తడి చూశాడు, నీళ్ల డబ్బా చూశాడు, లింగన్నని చూశాడు. నీళ్లు ఎవరు ఒలకబోశారని అడిగాడు.

"పానీ కిస్‌నే గిరాయా?"

లింగన్న నావైపు చూశాడు. ఒక్క క్షణమే. చెప్పమని కాదు, చెబుతావా అన్నట్టు. నేను చెంబు కొంగు కిందకి లాక్కున్నాను. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకుని, పెదాలు కదపకుండా, "అక్కా, మాట్లాడకు. పోలీసు కేసవుద్ది, వీసాలు పోతాయ్" అన్నాడు.

వాడు చెప్పాడు కాబట్టి ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. వాడు నోరు తెరవక ముందే చెంబు కొంగు కింద ఉంది.

"మై, సాబ్" అన్నాడు లింగన్న. "హాత్‌సే గిర్ గయా." చేతిలోంచి జారిందని.

ఆయన మెడలో కార్డు తీయించుకుని, చీపురు ఇంకొకరికిచ్చి, బస్సు దగ్గరికి నడిపించారు. నేను చూస్తూ నిలబడ్డాను. చెంబు లోపల మిగిలిన తడి నా చీర కుచ్చిళ్లలోకి ఇంకింది.

కొండ కింద

పందెం చుట్టుదారిన వచ్చేలోపు మేం అడ్డదారిన చేరిన జెబెల్ హఫీత్ చెట్టూ చేమా లేని కొండ. దాని కింద మాత్రం పచ్చిక తోట, వేడినీటి ఊటలు, చాపలు వేసుకుని మాంసం కాల్చుకుంటున్న కుటుంబాలు. పక్క చాప మీది పెద్దావిడ, నల్ల బురఖాలో, అడక్కుండానే ఖర్జూరాలు, చిన్న గిన్నెలో కాఫీ పంపింది. ఎవరో తెలియని మనిషికి ఇంత ఆదరణ. వేరే రోజైతే ఆవిడ చేతులు కళ్లకద్దుకునేదాన్ని. ఆ రోజు ఖర్జూరాలు కొంగున ముడేసుకున్నాను.

అందరూ ఎక్కిపోయాక చాలాసేపటికి నీలం చొక్కా వచ్చాడు. చేతికి కట్టు. పక్కనే అదే రంగు చొక్కాలో ఇంకొకడు అతని వేగానికే తొక్కుతూ, గాలి తగలకుండా ముందుంటున్నాడు. తోటలోవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. లలిత కొట్టింది, నా చేతులు చూసి ఆపేసింది.

"ఆ రోడ్డు ఊడిచే ఆయన పేరేంటి వదినా?" అంది మెల్లగా.

"లింగన్న. గురువారం చుట్టీ."

"మీరు పోసిన నీళ్లేనా?"

తలూపాను. తమ్ముడు కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు జేబులు తడుముకున్నాడు.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్

తర్వాతి రెండు రోజులు నేను పూజలో కూర్చోలేదు. కూర్చుంటే చెంబు ముట్టుకోవాలి. మూడో రోజు తమ్ముడు ఆఫీసుకి వెళ్లాక లలిత కారు తీసింది. లింగన్న చొక్కా వీపు మీద కంపెనీ పేరు ఆమె చూసి గుర్తు పెట్టుకుంది. "మీ తమ్ముడు మంచోడే వదినా. భయమెక్కువ. పదిహేనేళ్లు ఈ ఊళ్లో ఉంటే ఎవరికైనా అంతే" అంది దారిలో.

పార్క్ అంటే చెట్లుంటాయనుకున్నాను. ఫ్యాక్టరీలు, వాటి వెనక పనివాళ్లుండే మూడంతస్తుల ఇళ్లు, కిటికీలన్నిటికీ ఆరేసిన తువ్వాళ్లు. ఆడవాళ్లని లోపలికి రానివ్వరు. గేటు ఎదురుగా చిన్న హోటల్లో కూర్చుని కబురంపాం. అక్కడ బగారా అన్నం, పప్పుచారు ఎనిమిది దిర్హాలు. బల్లల దగ్గరంతా కరీంనగర్, నిజామాబాద్ మాటలే.

లింగన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు.

"నువ్వెందుకొచ్చినవమ్మా ఈడికి?"

"నా మూలాన నీకేం జరిగిందో తెలుసుకుందామని."

"ఏం కాలె. కొలువున్నది." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చుట్టీ ఖలాస్. ఎండకాలం ఎల్లినంక మల్ల అడుగుమన్నరు. నా జాగల ఇంకొకన్ని పంపుతుండ్రు."

ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. "నేనే పోశానని ఇప్పుడే వచ్చి చెబుతాను" అన్నాను.

"వద్దు." అంత గట్టిగా అంటాడనుకోలేదు. "నీల్లు ఇచ్చింది నేను, ఆకు తెంపింది నేను. గది బయటికొస్తె చుట్టీతోటి ఆగది."

"మరి నువ్వెందుకు నీ మీద వేసుకున్నావు?"

చెంచాతో టీ కలుపుతూ ఆలోచించాడు. "నువ్వు చెంబు దాసుకున్నవ్ గద. ఇగ నేనేం జెయ్యాలె?"

కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది. లలిత కిటికీ వైపు తిరిగింది.

టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు. "మా అడ్డ మీదికొచ్చిండ్రు" అన్నాడు.

అల్ ఖూజ్

వద్దన్నా వెళ్లాను. ఇది రెండో తప్పో, మొదటి తప్పుకి మందో నాకు ఇప్పటికీ తెలియదు. పందెం ఆఖరి రోజున, ఊరంతా ముగింపు సంబరం చూస్తుంటే, గోదాముల మధ్య కంపెనీ ఆఫీసుకి లలిత నన్ను తీసుకెళ్లింది. అక్కడి పెద్దని పనివాళ్లు ముదీర్ అంటారు. ఆయన హిందీలో మాట్లాడాడు, మా మాటలు అటూ ఇటూ లలిత మార్చి చెప్పింది. లింగన్న నీళ్లివ్వడం, ఆకు తుంచడం చెప్పకుండా వదిలేసి, రిబ్బను దాటి పోసింది నేనని, ఆయన అబద్ధం తన మీద వేసుకున్నాడని చెప్పాను. చేతులు జోడించాను. కాగితం మీద రాసిస్తానన్నాను.

ఆయన కసురుకోలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, అన్నాడు: "పందెంవాళ్లకి మేం రాసిచ్చాం, పనివాడి అజాగ్రత్త అని. వాళ్లు మూసేశారు. మీరు చెప్పింది రాస్తే అది పోలీసుల దగ్గరికి పోతుంది. బయటి మనిషిని రోడ్డు మీదకి ఎందుకు వదిలావని మొదట అతన్నే అడుగుతారు. అమ్మా, నిజం చెప్పడం మీకు మంచిది. అతనికి ఇప్పుడు మంచిది కాదు. అక్కడ, అప్పుడే చెప్పుంటే, ఒక ఆడమనిషి పూజ చేసిందని నాలుగు మాటలని వదిలేసేవాళ్లు."

నాలుగు మాటలు పడి ఉంటే సరిపోయేది. బయటికొచ్చి కారులో కూర్చున్నాక ఆ ఒక్కటే తిరిగింది చెవుల్లో. ఎండాకాలం తర్వాత చుట్టీల జాబితాలో లింగన్న పేరు ముందు పెడతానని మాటిచ్చాడు. ఆ మాటకి ఆయనకి కృతజ్ఞురాలిని.

ప్రయాణానికి ముందురోజు లింగన్న లలితకి ఫోను చేశాడు. నన్నొక పని అడిగాడు. కూతురి కోసం కొన్న మూడు చక్రాల చిన్న సైకిల్ తన మంచం కింద ఆరు నెలలుగా ఉంది, తీసుకెళ్లగలనా అని. విప్పి అట్టపెట్టెలో సర్దింది నేనే. తమ్ముడు పక్కన కూర్చుని మరలు పొట్లం కట్టి ఇచ్చాడు. చాలాసేపటికి, "నేనైనా చెప్పుండాల్సింది అక్కా" అన్నాడు. నేను పెట్టెకి తాడు బిగించాను.

జగిత్యాల అవతల

ఇంటికి చేరాక పన్నెండు రోజులు ఆ పెట్టె విప్పలేదు. సత్తిబాబు బండ తెచ్చి, "పందెం ఎలా ఉందమ్మా?" అంటే, "బాగుంది" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట రావడం విన్నాక, మర్నాడే బయల్దేరాను. హైదరాబాదు, అక్కణ్ణుంచి జగిత్యాల, ఆఖరున ఆటో, ఒళ్లో అట్టపెట్టె.

లింగన్న భార్య సుజాత బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి లేచింది. "దుబాయ్ అమ్మనా? మా ఆయన చెప్పిండు, మస్తు మంచామె అని." చాప పరిచింది, మజ్జిగ తెచ్చింది. పాప తల్లి వెనకనుంచి నన్ను చూస్తోంది. నేను వాకిట్లోనే కూర్చుని పెట్టె విప్పాను. ముందు చక్రం, వెనక రెండు చక్రాలు, సీటు, హ్యాండిల్. రెంచి ఇంటినుంచి తెచ్చుకున్నాను, నాన్నది. ఆఖరి మర బిగించాక అడిగాను.

"చుట్టీ ఎందుకు పోయిందో చెప్పాడా అమ్మా?"

"నీల్లు చేతిలకెల్లి జారినయంట గద. నా తప్పే అన్నడు."

"ఆయన తప్పు కాదు. నేను పోశాను. తన మీద వేసుకున్నాడు. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను."

ఆమె చేతిలోని మజ్జిగ చెంబు అలాగే ఉంది. "ఎన్ని దినాలు మూసుకున్నవ్?"

"అక్కడ ఉన్నన్ని రోజులూ. ఇంటికొచ్చాక పన్నెండు."

లోపలికి వెళ్లిపోయింది. తలుపు వేసేసుకుంటుందనుకున్నాను, వేసుకోవాల్సిందే. పెట్టె అట్టముక్కలు ఏరుకుంటున్నాను. తిరిగొచ్చింది. చేతిలో ఇత్తడి చెంబు, అందులో పసుపు నీళ్లు, వేపరెమ్మ.

"కొత్త బండికి సాక పొయ్యాలె" అంది, నావైపు చూడకుండా. సైకిల్ ముందు సగం నీళ్లు పోసి, చెంబు నాకు చాపింది. "కడమది నువ్వు పొయ్యి. ఆయన లేడు గద."

పోశాను. మట్టి ఆ నీళ్లని తాగేసింది. పాప ఎక్కి, పెడళ్లకి కాళ్లు అందక, నేలని తన్నుకుంటూ ఆ తడి మీదుగా పోయింది. వెనక మూడు చక్రాల గీతలు పడ్డాయి.

సుజాత నన్ను క్షమించిందో లేదో అడగలేదు. బస్సు వేళకి ఆటో పిలిచి ఎక్కించింది.

ఇది చదివినవాళ్లని ఒక్కటి అడుగుతాను. మీ ఇంట్లో దీపం పెట్టేటప్పుడు, వాకిట్లో నీళ్లు చల్లేటప్పుడు, లింగన్న అన్న పేరు ఒక్కసారి తలుచుకోండి. జగిత్యాల అవతలి మనిషి. ఈ ఎండాకాలం దాటాక ఆయన చుట్టీ ఆగకూడదని, ఎత్తుకున్నప్పుడు ఆ పాప బాపూ అనాలని. పక్కన చెంబు దాచుకుని నిలబడిన మనిషిని తలుచుకోనక్కర్లేదు. లింగన్నని తలుచుకోండి.